వానకి గెలిచింది, సైలెన్సర్‌కి ఓడింది: బడుల రైడ్లలో నా సాడిల్ బ్యాగులు

ముందే చెప్పేస్తా, బైకు సీటుకి అటూఇటూ వేలాడదీసే ఈ సాడిల్ బ్యాగుల్లో నాకు ప్రాణంతో సమానమైంది ఒక్కటే: లోపలుండే నారింజ రంగు సంచి. మిగతాదంతా మామూలు సరుకు. ఎన్ని లీటర్లు, ఎన్ని జేబులు, ఏ గుడ్డ అనేవి అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా రాయడం లేదు. కింద చెప్పబోయే గొడవ నా బండికి జరిగింది, మీ బండికి జరగాలనేం లేదు.

నా వాడకం ఎలాంటిదో తెలిస్తేనే ఈ సమీక్ష పనికొస్తుంది. తిరుపతిలో మాదొక చిన్న బైక్ క్లబ్బు. వీలు చిక్కినప్పుడల్లా శనివారం తెల్లారకముందే బయల్దేరి పల్లె బడులకు పిల్లల సామాను తీసుకెళ్తాం. రాత్రికి తలకోన దగ్గర ఉండి, ఆదివారం తిరుగుముఖం పడతాం. చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట ఘాటు, అక్కణ్ణించి నెరబైలు వైపు. అన్నిటికన్నా పెద్ద రైడు బాలల దినోత్సవానికి అటూఇటూగా పెట్టుకుంటాం. నవంబర్ 14 అంటే మనవైపు ఈశాన్య రుతుపవనాలు మంచి ఊపు మీదుండే సమయం. 2021 నవంబర్‌లో తిరుపతిలో ఉన్నవాళ్లకి ఆ వాన సంగతి వేరే చెప్పక్కర్లేదు. అయినా తేదీ మార్చడానికి క్లబ్బులో ఎవరూ ఒప్పుకోరు. పిల్లల పండగ కదా, దాన్ని జనవరిలో చేస్తామా అంటారు.

మా వాళ్లలో చాలామంది సంచులకు పైన తొడిగే రెయిన్ కవరే ఉంటుంది. ఘాట్లో ఎదురుగాలి కొడితే అది బుడగలా ఉబ్బుతుంది, ఎలాస్టిక్ సాగిపోతుంది, ఏదో ఒక మలుపులో ఎగిరిపోతుంది. ఎగరకపోయినా కింద నుంచి చక్రం చిమ్మే నీళ్లను అది ఆపదు. నా బ్యాగుల్లో పైకవరు కూడా ఉంది గానీ అసలు పని లోపలి సంచిది. మూతి దగ్గర మూడు మడతలు పెట్టి, రెండు చివర్లూ కలిపి క్లిప్పు వేస్తే చాలు. ఒకసారి రంగంపేట దాటినప్పటి నుంచి దిగేదాకా వాన వదల్లేదు. బడి దగ్గర బండి ఆపి చూస్తే బయటి బ్యాగు అడుగున గ్లాసెడు బురదనీళ్లు నిలిచి ఉన్నాయి. లోపలి సంచి తెరిస్తే కథల పుస్తకాల మీద అంగడివాడు అంటించిన ధర చీటీలు కూడా చెమ్మగిల్లలేదు. ఇంకో సుఖం ఏమిటంటే బురద బ్యాగుని బండికే వదిలేసి, శుభ్రంగా ఉన్న సంచిని మాత్రం ఒంటిచేత్తో ఎత్తుకుని వరండాలోకి వెళ్లొచ్చు. స్ట్రాపులు విప్పే పని లేదు. ఆ రోజే క్లబ్బులో అందరికీ ఇదే కొనమని చెప్పాను, కొందరు కొన్నారు కూడా.

పుస్తకాలు అన్నాను కాబట్టి బరువు గురించి ఒక మాట. బ్యాగులకు లీటర్ల లెక్క చెబుతారు, అది బట్టలకు సరిపోతుంది. ఇరవై లీటర్ల సంచి నిండా కాగితం కుక్కితే పదిహేను కిలోలకు తక్కువ తూగదు. నా బ్యాగు మీదేమో ఒక్కో వైపు ఎనిమిది కిలోలు మించొద్దని రాసుంది. అంటే పుస్తకాలతో సగం నింపితేనే హద్దు. రెండు వైపులా బరువు సమానంగా లేకపోతే ఘాటు మలుపుల్లో బండి మొండి ఎద్దులా ఒక పక్కకే లాగుతుంది. అందుకే బయల్దేరేముందు మా వీధి కూరగాయలాయన కాటా మీద రెండూ తూచుకుంటాను.

మొదట్లో నోటుబుక్కులే మోసేవాళ్లం. ఒక బడిలో హెడ్మాస్టరు గారే, "నోట్సులు వద్దు సార్, గవర్నమెంటు కిట్లో వస్తాయి. చదువుకునేదానికి కథల పుస్తకాలు తెండి, రంగులు తెండి" అన్నారు. నిజమే, 2020లో విద్యా కానుక మొదలైనప్పటి నుంచి బ్యాగు, నోటుబుక్కులు, బూట్లు, యూనిఫాం గుడ్డ ప్రభుత్వ బడి పిల్లలకు కిట్టుగా అందుతున్నాయి. పేర్లు మారాయి గానీ కిట్టు ఆగలేదు. అందుకని ఇప్పుడు కథల పుస్తకాలు, క్రేయాన్లు, స్కిప్పింగ్ తాళ్లు, షటిల్ బ్యాట్లు. క్యారం బోర్డు మాత్రం ఏ సాడిల్ బ్యాగులోనూ పట్టదు, అది ఎవరో ఒకరి వీపునెక్కాల్సిందే. ఇవన్నీ ఒక ఆటోలో వేసి పంపితే చవకగా, క్షేమంగా చేరతాయి కదా అని మా ఆవిడ ప్రతిసారీ అంటుంది. దానికి మా క్లబ్బులో ఎవరి దగ్గరా సమాధానం లేదు.

ఇక అసలు గొడవ. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ఎడమవైపు, చీర చక్రంలో పడకుండా ఆపే శారీ గార్డు ఉంటుంది. వెనక చక్రం కనీసం సగం కప్పి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది కాబట్టి అది అందరి బండికీ ఉండేదే. ఎడమ బ్యాగు దానికి ఆనుకుని బుద్ధిగా కూర్చుంటుంది. కుడివైపు ఆనుకోవడానికి ఏమీ లేదు, ఉన్నది సైలెన్సరు. కుడి బ్యాగుని దాన్నుంచి దూరంగా పట్టి ఉంచాల్సింది కింద ఉండే ఒకే ఒక్క సన్న స్ట్రాపు. ఆ స్ట్రాపుని బిగించే ప్లాస్టిక్ బకిల్, తడిస్తే జారుతుంది. కొత్తలో జారలేదు. కొన్ని వానలు తిన్నాక దాని పళ్లు అరిగాయి.

పోయిన నవంబరు రైడులో భాకరాపేట ఘాటు ఎక్కుతున్నాం. సన్నగా తుంపర. ముందు లారీ, దాని వెనక మేం, రెండో గేరులో నెమ్మదిగా. సైలెన్సరు బాగా కాగే సందర్భం అదే, గాలి ఉండదు, ఇంజనుకి శ్రమ ఎక్కువ. ఏదో గుంతలో పడి లేచాక స్ట్రాపు వదులైనట్టుంది. ప్లాస్టిక్ కాలిన కంపు వస్తే లారీ బ్రేకులేమో అనుకున్నాను. వెనక వస్తున్న కుర్రాడు హారన్ మీద హారన్ కొట్టి, పక్కకొచ్చి, "పొగొస్తా ఉందన్నా, నీ బ్యాగే, ఆపు!" అని అరిచాడు. పిట్టగోడ పక్కన ఆపి చూస్తే పైకవరు కరిగి సైలెన్సరుకి నల్లగా అతుక్కుంది. బయటి గుడ్డ, లోపలి స్పాంజీ అరచేయంత మేర కాలిపోయాయి. నారింజ సంచి ముడుచుకుపోయి బొటనవేలు దూరేంత బొక్క పడింది. నీళ్ల సీసా పోస్తే సుయ్‌మని ఆవిరి. లోపల ఆ మూలన ఉన్నవి క్రేయాన్ల పెట్టెలు. అట్టకి ఏమీ కాలేదు, లోపల మైనమంతా కరిగి ఏకమైంది. రెండు కథల పుస్తకాల అంచులకీ రంగు పట్టింది.

బడికి చేరేసరికి క్రేయాన్లు గట్టిపడి ముద్దలయ్యాయి. అవి పక్కన పెట్టి మంచివే పంచుదామనుకున్నాం. మూడో తరగతి పాప ఒకతి ఒక ముద్దని తీసుకుని కాగితం మీద అడ్డంగా లాగింది, ఒకే గీతలో ఎరుపు, పసుపు, పచ్చ. ఇక మంచి పెట్టెల్ని ఎవరూ ముట్టుకోలేదు, ముద్దల కోసమే పోట్లాట. హెడ్మాస్టరు గారు చాకు తెప్పించి ముక్కలు కోయించాల్సి వచ్చింది. పిల్లలు సంబరపడ్డారు, సంతోషమే. కానీ ఆ మార్కులు పాపకి వేస్తాను, బ్యాగుకి వెయ్యను.

కంపెనీకి ఫొటోలతో రాశాను. కాలిన వాటికి వారంటీ వర్తించదు, వేడి తగలకుండా అడ్డుపెట్టే హీట్ షీల్డు విడిగా అమ్ముతాం, కొనుక్కోండి అన్నారు. సైలెన్సరు పక్కన వేలాడదీసే వస్తువుకి హీట్ షీల్డు విడిగా అమ్మడమంటే నాకు ఇప్పటికీ మండుతుంది. ఆ పళంగా తిరుపతిలో బండి సీట్లు కుట్టే అంగడికి తీసుకెళ్తే, ఆయన కాలినచోట అల్యూమినియం రేకు పెట్టి పైన రెగ్జిన్ కుట్టాడు. వెల్డింగు అంగడిలో ఇనప కడ్డీ వంచి కుడివైపు ఒక అడ్డు పెట్టించాను. రెండిటికీ కలిపి హీట్ షీల్డు ధర కన్నా తక్కువే అయింది. ఆ తర్వాత బ్యాగు సైలెన్సరుకి తగల్లేదు. లోపలి సంచి బొక్కకి ట్యూబు ప్యాచీ వేశాను, చిన్న వానకి ఆగుతోంది, పెద్ద వానకి ఇంకా పరీక్ష కాలేదు.

కొనాలా అని అడిగితే, సైలెన్సరు పైకి లేచి ఉండే బండికైతే వద్దంటాను. నా బండి లాంటిదైతే ముందు కడ్డీ పెట్టించుకుని ఆ తర్వాత కొనండి. ఊళ్లో ఆఫీసుకి తిరిగేవాళ్లకి ఇంత డబ్బు దండగ. నాకైతే వానలో కాగితం మోసే పని ఉంది కాబట్టి ఆ నారింజ సంచి లేకుండా నవంబరులో బయల్దేరను. అది ఒక్కటే విడిగా ఇస్తారా అని కస్టమర్ కేరుని అడిగాను. ఇవ్వరట, సెట్టంతా మళ్లీ కొనాలట.