ఒక సభ, మూడు భాషలు: ఓబీఎస్‌తో నాలుగేళ్లు

జహీరాబాద్ దగ్గర మా చిరుధాన్యాల రైతులు నెలకోసారి కలుస్తారు. వేదిక మీద ఎక్కువగా వినిపించేది తెలుగే. బీదర్ వైపు నుంచి వచ్చేవాళ్లు కన్నడలో, మరాఠ్వాడా నుంచి వచ్చేవాళ్లు హిందీలో మాట్లాడతారు. రాలేనివాళ్లు ఇంటి దగ్గరే చూస్తారని నాలుగేళ్ల కిందట ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టాం. ఆ పని నాకు అప్పగించింది నా ప్రతిభ చూసి కాదు, కాస్త గట్టి ల్యాప్‌టాప్ నా దగ్గరే ఉందని. ఇప్పటికి 40కి పైగా సభలు పంపాం.

మొదటి ఆరు నెలలు ఒక వీడియో సమావేశాల సాఫ్ట్‌వేర్‌లో ఉన్న దుబాసీ సౌకర్యం వాడాం. రోజూ కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు అది బాగానే ఉంటుంది, మా వాళ్లకు కుదరలేదు. యాప్ వేసుకోవాలి, లోపలికి వచ్చాక భాష ఎంచుకోవాలి, అసలు గొంతును విడిగా ఆపుకోవాలి. సభ మొదలైన అరగంట దాకా "కన్నడకు ఎక్కడ నొక్కాలి అన్నా?" అంటూ ఒకటే ఫోన్లు. పైగా రికార్డింగు తెరిచి చూస్తే అందులో వేదిక మీది గొంతే తప్ప అనువాదం లేదు. దుబాసీలు మూడు గంటలు పడిన శ్రమ గాలికి పోయింది. 2023లో జియోసినిమా ఐపీఎల్‌ను తెలుగుతో సహా 12 భాషల్లో ఇచ్చాక మా మీద ఒత్తిడి ఇంకా పెరిగింది. క్రికెట్‌కు మారే భాష కొర్రల సభకు ఎందుకు మారదని అడిగితే ఏం చెబుతాం?

అప్పుడు ఓబీఎస్ స్టూడియో అనే ప్రసార, రికార్డింగు సాఫ్ట్‌వేర్‌కు మారాం. ఉచితం, ఆరు ఆడియో ట్రాకులు (శబ్దాన్ని విడివిడిగా నడిపే దారులు) ఉంటాయి, మాకు మూడు చాలు. అయితే ట్రాకులు ఎన్ని ఉన్నా ఆర్‌టీఎంపీ అనే పద్ధతిలో పంపే మామూలు ప్రసారంలో ఒక వీడియో వెంట ఒక ఆడియోనే వెళుతుంది. అందుకని భాషకొక లింకు పెట్టాం. ఒక్కో లింకుకు ఏ ట్రాకు వెళ్లాలో చెప్పే ప్లగిన్ (ఓబీఎస్‌కు తగిలించుకునే అదనపు సాఫ్ట్‌వేర్) ఒకటి వేసుకున్నాం. ఒకే బొమ్మను మూడుసార్లు పంపడం దండగేనని తెలుసు. 720పీ నాణ్యతకు సెకనుకు 2.5 మెగాబిట్ల చొప్పున మూడింటికి 7.5 అవుతుంది, ఒడిదుడుకులకు అంతకు రెట్టింపు అప్‌లోడ్ వేగం ఉంటేనే ధైర్యం. కానీ వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కగానే తన భాష వినిపిస్తే ఎవరూ ఏమీ వెతుక్కోనక్కర్లేదు. ఫోన్లు ఆ నెలతోనే ఆగిపోయాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తప్పకుండా తట్టుకునే రాయి ఒకటుంది. కన్నడ ట్రాకులో వేదిక గొంతు వెనక సన్నగా, దుబాసీ గొంతు ముందు వినిపించాలి. అలా అని ఓబీఎస్‌లో వేదిక మైకు శబ్దం తగ్గిస్తే తెలుగు ట్రాకులోనూ తగ్గిపోతుంది. ఎందుకంటే శబ్దస్థాయి, ఫిల్టర్లు మైకుకు అంటుకుని ఉంటాయి, ట్రాకుకు కాదు. నాకు ఇది అర్థం కావడానికి మూడు సభలు పట్టింది. ఉపాయం చిన్నదే: అదే మైకును మూడుసార్లు విడివిడిగా చేర్చి, ఒక్కో ప్రతిని ఒక్కో ట్రాకుకే టిక్కు పెట్టాలి. ఆ తర్వాత ప్రతి దానికీ కంప్రెసర్ (శబ్దాన్ని అణిచే) ఫిల్టర్ వేసి, ఏ శబ్దం వచ్చినప్పుడు అణచాలో అడిగే సైడ్‌చెయిన్ దగ్గర ఆ భాష దుబాసీ మైకును ఎంచుకోవాలి. దుబాసీ నోరు తెరిస్తే వేదిక గొంతు దానంతట అదే తగ్గుతుంది, దుబాసీ ఊరుకుంటే పెరుగుతుంది. దీని అసలు లాభం బీదర్ రైతు మైకు అందుకున్నప్పుడు తెలుస్తుంది. కన్నడ దుబాసీ ఊరుకుంటాడు, ఆ ట్రాకులో రైతు సొంత గొంతు నిండుగా వస్తుంది, తెలుగు దుబాసీ తన పని మొదలుపెడతాడు. నేను ఏ మీటా ముట్టుకోను.

ఇంకో చిన్న సంగతి. మైకును స్టీరియో పరికరానికి తగిలిస్తే గొంతు ఎడమ చెవిలోనే వినిపించవచ్చు. ఆడియో అమరికల్లో మోనో అన్న చోట టిక్కు పెడితే సరిపోతుంది. ఇది తెలియక, చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాలనుకున్న పెద్దాయన మాలోనే ఉన్నాడు.

సాఫ్ట్‌వేర్ గురించి ఇంత చెప్పినా, మా ప్రసారం వినదగ్గదిగా మారింది దాని వల్ల కాదు, దుబాసీల చెవుల వల్ల. మొదట్లో వాళ్లను హాలు వెనక వరసలో కూర్చోబెట్టాం. మాట సగం వినపడక ఊహించి చెప్పేవాళ్లు. ఇప్పుడు మిక్సర్ నుంచి విడి తీగతో నేరుగా హెడ్‌ఫోన్లలోకి వేదిక గొంతు ఇస్తున్నాం. ఆ తీగలోకి దుబాసీ సొంత గొంతు తిరిగి రాకూడదు. వస్తే నాలుక మడతపడుతుంది, నేనే ఒకసారి కూర్చుని చూశాను. ఒక్కో భాషకు ఇద్దరుండి 20 నిమిషాలకోసారి మారాలి. ఒక్కరే గంట లాగితే చివరి పావుగంటలో అంకెలన్నీ తప్పుతాయి. 1945లో నాజీ నాయకుల మీద మొదలైన న్యూరెంబర్గ్ విచారణ నాలుగు భాషల్లో సాగింది. అక్కడ పసుపు దీపం వెలిగితే వక్త నెమ్మదించాలి, ఎర్రదీపం వెలిగితే ఆగాలి. దీపాలు కొనే స్తోమత మాకు లేదు, ముందు వరసలో ఒకరు పసుపు తువ్వాలు ఊపుతారు. అధికారులు తప్ప అందరూ దాన్ని గౌరవిస్తారు.

సభకు రెండు రోజుల ముందే మాటల పట్టిక ఇస్తాం. కొర్ర కన్నడలో నవణె, హిందీలో కంగ్నీ. సామ కన్నడలో సామె, హిందీలో కుట్కీ. అరికె హారక అవుతుంది, కోదో అవుతుంది. మా పెద్దలు రాగులను తైదలంటారు, అదీ పట్టికలో ఉండాలి. హిందీ దుబాసీ అమ్మాయికి కన్నడ రాదు కాబట్టి, వక్త కన్నడలో మాట్లాడితే తెలుగు దుబాసీ చెప్పింది విని హిందీలో చెబుతుంది. అప్పుడు ఆలస్యం రెట్టింపై, తెర మీద బొమ్మ మారిపోయాక పాత బొమ్మ వివరం వస్తుంది. దీనికి ఇంతవరకు మందు దొరకలేదు, వక్తలనే బొమ్మ కాసేపు అలా ఉంచమంటున్నాం.

నా అతి పెద్ద తప్పు రెండో ఏడు జరిగింది. కన్నడ దుబాసీ మైకుకు కన్నడ ట్రాకు దగ్గర టిక్కు పెట్టడం మరిచిపోయాను. 40 నిమిషాలు ఆయన గదిలో గొంతు చించుకుంటున్నాడు, లింకులో తెలుగు మాత్రమే వెళుతోంది. ఓబీఎస్‌లో ఆకుపచ్చ గీత ఎగురుతూనే ఉంది మరి! ఆ గీత మైకు పనిచేస్తోందని చెబుతుంది, గొంతు ఏ ట్రాకుకు పోతోందో చెప్పదు. అప్పటి నుంచి ఒక్కో భాషకు ఒక మనిషి, హాలు వైఫైలో కాకుండా తన సొంత డేటా మీద, ఫోనులో ఆ లింకు వింటూ కూర్చుంటారు.

రికార్డింగుకు ఎంకేవీ అనే ఫైలు రకం ఎంచుకోండి. మూడు ట్రాకులూ ఒకే ఫైలులో ఉంటాయి, మధ్యలో కరెంటు పోయినా అంతవరకు రికార్డయింది దక్కుతుంది. మామూలు ఎంపీ4 అయితే ఆ భరోసా లేదు. ఐస్‌కాస్ట్ అనే ఉచిత సర్వర్ మీద ఆడియో మాత్రమే ఉన్న లింకులు కూడా పెట్టాం. వీడియో గంటకు ఒక జీబీ దాటుతుంది, 64 కిలోబిట్ల ఆడియో 29 ఎంబీతో అయిపోతుంది. పొలంలో పని చేసుకుంటూ వినేవాళ్లకు అదే నచ్చింది.

దుబాసీలు దొరకని ఒక నెలలో యంత్ర అనువాదం పెట్టి చూశాం. మా దగ్గర గుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు. కర్ణాటకలో, మహారాష్ట్రలో కూడా ఇదే లెక్క కాబట్టి మనుషుల మధ్య ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. "రెండు గుంటల్లో కొర్ర వేశాను" అని వక్త అంటే, రెండు గోతుల్లో వేశానని హిందీలో తెర మీద పడింది. మర్నాడు లాతూర్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, గొయ్యి ఎంత లోతు తవ్వాలని అడిగాడు.