ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్: పచ్చ టిక్కు వెనకాల ఉన్న సంగతులు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లకు, కోల్డ్ స్టోరేజీలకు సర్వర్లు చూసిపెట్టడం నా పని. ఒకే మెషీన్ మీద చాలా వర్చువల్ మెషీన్లు (వీఎంలు, అంటే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) నడిపించే ఈఎస్‌ఎక్స్‌ఐని ఉచితంగా ఇవ్వడం 2024 ఫిబ్రవరిలో బ్రాడ్‌కామ్ ఆపేసింది. మరుసటేడు ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చింది గానీ, ఆలోపే మా దగ్గర చాలామంది అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్‌కి మారిపోయారు. బ్యాకప్‌కి కూడా అదే కంపెనీ ఇచ్చే ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ పెట్టాం. ఇప్పటికీ అదే వాడుతున్నా, అడిగినవాళ్లకు అదే చెబుతున్నా. అయితే ఇన్‌స్టాల్ చేసి పొద్దున్నే బ్యాకప్ అయిందనే పచ్చ టిక్కు చూసుకుని హాయిగా ఉండే సరుకు మాత్రం కాదిది.

మంచి సంగతులు ముందు. ఓపెన్ సోర్స్, సబ్‌స్క్రిప్షన్ కట్టకపోయినా ఫీచర్లన్నీ పనిచేస్తాయి. వీఎం డిస్కును 4 ఎంబీ ముక్కలుగా కోసి, ఒకే రకం ముక్క ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారే దాచుతుంది. నాలుగు వీఎంలలో ఒకే రకం విండోస్ నడిపేవాళ్లకు డిస్క్ బాగా కలిసొస్తుంది. వీఎం మొత్తం వెనక్కి తేకుండా లోపలి ఒక్క ఎక్సెల్ ఫైలే తీసుకోవచ్చు. కొట్లలో ఎక్కువగా వచ్చే ఫోన్ అదే కాబట్టి, ఈ ఒక్కదానికే సగం మార్కులు వేస్తాను.

ఇక పరిమితులు. నడుస్తున్న వీఎంలో ఏ బ్లాకులు (డిస్కు ముక్కలు) మారాయో ప్రాక్స్‌మాక్స్ గుర్తుపెట్టుకుంటుంది, అందుకే రోజువారీ బ్యాకప్ నిమిషాల్లో అయిపోతుంది. ఆ గుర్తులు వీఎం ఆన్‌లో ఉన్నంతసేపే ఉంటాయి. విండోస్ లోపల రీస్టార్ట్ కొడితే ఇబ్బంది లేదు. పూర్తిగా షట్‌డౌన్ చేస్తే పోతాయి. తర్వాతి బ్యాకప్‌కి డిస్కు మొదలు నుంచి చివరిదాకా చదవాలి. పంపేది మారిన ముక్కలే అయినా, చదవడానికి పట్టే టైమ్ తప్పదు. మన కొట్లలో రాత్రి షట్టర్ దించేటప్పుడు "అన్నీ ఆపేయండ్రా, కరెంటు బిల్లు" అనే అలవాటు ఉంది కదా, అక్కడ ఈ స్పీడు దొరకదు. కంటైనర్లకైతే (వీఎంల కంటే తేలికైన రకం) ఆ గుర్తుల సౌకర్యమే లేదు.

రెండోది ఇంతకంటే ముఖ్యం. బ్యాకప్ నడుస్తుండగా వీఎం ఏదైనా బ్లాకు మీద రాయబోతే, ముందు పాత బ్లాకు బ్యాకప్ సర్వర్‌కి చేరాలి, అప్పుడే కొత్తది రాయనిస్తుంది. అంటే బ్యాకప్ డిస్కు నెమ్మదిగా ఉంటే ఆ నెమ్మది నేరుగా వీఎంకి అంటుకుంటుంది. ఒక కోల్డ్ స్టోరేజీలో పాత హార్డ్ డిస్కుల మీద బ్యాకప్ పెట్టి, అదీ పగలు నడిపేవాళ్లు. సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతుంటే కాటా దగ్గర కుర్రాడు ఎంటర్ కొట్టి చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. "సర్వర్ పోయిందండీ" అని ఫోన్. సర్వర్ పోలేదు, రాత పనులు క్యూలో ఉన్నాయి. ప్రాక్స్‌మాక్స్ 8.2 నుంచి ఫ్లీసింగ్ అనే సెట్టింగ్ వచ్చింది. పాత బ్లాకును ముందు లోకల్ డిస్కులో పక్కన పెట్టి, తర్వాత తీరిగ్గా పంపుతుంది. అది ఆన్ చేసి, బ్యాకప్‌ని రాత్రికి మార్చాక ఆ ఫోన్లు ఆగాయి. కంపెనీ డాక్యుమెంటేషన్‌లో కూడా ఎస్‌ఎస్‌డీలే వాడమంటారు. డబ్బు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా మిగుల్చుకోండి.

బ్యాకప్‌లోకి రానివి చాలా ఉన్నాయి. వీఎంకి మీరు తీసిన పాత స్నాప్‌షాట్లు రావు, ఇప్పటి స్థితి ఒక్కటే వస్తుంది. ర్యామ్‌లో ఉన్నది రాదు. డిస్కు సెట్టింగ్‌లో బ్యాకప్ టిక్కు తీసేసి ఉంటే ఆ డిస్కు రాదు. డిస్క్ కంట్రోలర్‌ని నేరుగా వీఎంకి ఇచ్చేసి ఉంటే, దాని మీద ఏముందో హోస్ట్‌కే (వీఎంలు నడిపే అసలు మెషీన్‌కే) కనపడదు, ఇక బ్యాకప్ ఎక్కడిది? విండోస్ లోపలి నుంచి ఐస్కజీతో (నెట్‌వర్క్ మీద డిస్కు తగిలించే పద్ధతి) తగిలించుకున్న నాస్, అంటే నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె, సంగతీ అంతే. హోస్ట్ సొంత సెట్టింగులు, అంటే నెట్‌వర్క్ బ్రిడ్జిలు, స్టోరేజ్ పేర్లు, వాటిని విడిగా దాచుకోవాలి. వే బ్రిడ్జి సాఫ్ట్‌వేర్ యూఎస్‌బీ డాంగిల్ ఉంటేనే తెరుచుకునే రకమైతే, వీఎం వేరే మెషీన్ మీద లేచినా డాంగిల్ తీసి అక్కడ గుచ్చాల్సిందే. ట్యాలీ లైసెన్సు కూడా మెషీన్‌ని పట్టుకుని ఉంటుంది, కొత్త చోట మళ్లీ యాక్టివేట్ చేయమనవచ్చు. సీరియల్ నంబరు, ఏ ఈమెయిల్‌తో తీసుకున్నారన్నది ముందే రాసి పెట్టుకోండి. ఆ ఈమెయిల్ ఎప్పుడో మానేసిన అకౌంటెంట్‌ది అయ్యుండే కొట్లు నాకు తెలుసు.

డేటాబేస్ ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. ఈ సాఫ్ట్‌వేర్‌కి కనపడేది డిస్కు మాత్రమే, లోపల ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉందని దానికి తెలియదు. వీఎంలో క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం వేస్తే, బ్యాకప్ మొదలయ్యే క్షణంలో విండోస్‌ని అడిగి ఫైళ్లను కొద్ది క్షణాలు కుదురుగా ఉంచుతుంది. ఏజెంట్ లేకపోతే వచ్చేది ప్లగ్గు పీకేసిన కంప్యూటర్ డిస్కు లాంటిది. చాలాసార్లు లేస్తుంది, లేవనప్పుడు మాత్రం టెన్షన్. ఏజెంట్ ఉన్నా ఇంకో సంగతి. సాయంత్రం ఎవరో పట్టీలు డిలీట్ చేశారు, అకౌంటెంట్ గారు "బాబూ, మధ్యాహ్నం మూడింటికి ఎలా ఉందో అలా తెచ్చిపెట్టు" అన్నారనుకోండి. వీఎం బ్యాకప్ ఉన్నది రాత్రి రెండు గంటలది. మూడింటికి వెళ్లాలంటే ఎస్‌క్యూఎల్ సొంత ఫుల్ బ్యాకప్, దాని మీద లాగ్ బ్యాకప్ (మార్పుల చిట్టా) విడిగా నడుస్తుండాలి. లాగ్ బ్యాకప్‌ని నేను పావుగంటకోసారి పెట్టి, ఆ ఫైళ్లను వేరే మెషీన్‌కి పంపిస్తాను.

వెనక్కి తెచ్చే టైమ్ కూడా లెక్క వేసుకోండి. 1 జీబీపీఎస్ నెట్‌వర్క్ మీద సెకనుకి 110 ఎంబీ వచ్చినా, 2 టీబీ వీఎంకి ఐదు గంటలు. యార్డులో వేలం అయ్యాక రైతులు పట్టీ కోసం నిలబడి ఉన్నప్పుడు ఐదు గంటలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. లైవ్ రిస్టోర్ ఉంది, డేటా వస్తుండగానే వీఎం లేచిపోతుంది. కానీ మధ్యలో రిస్టోర్ ఫెయిలైతే అప్పటిదాకా కొత్తగా ఎక్కించినవన్నీ పోతాయి. అందుకే బిల్లింగ్ వీఎంని చిన్నదిగా ఉంచి, పాత స్కానింగులు, కెమెరా రికార్డింగులు వేరే వీఎంలోకి నెడతాను.

డిస్కు నిండిపోయాక పాత బ్యాకప్‌లు చెరిపితే వెంటనే ఖాళీ కాదు. గార్బేజ్ కలెక్షన్ (అక్కర్లేని ముక్కలు ఊడ్చే పని) మామూలుగా, ఏ బ్యాకప్‌కీ అక్కర్లేకుండా, చివరిసారి వాడి 24 గంటల 5 నిమిషాలు దాటిన ముక్కలనే తీసేస్తుంది. 80 శాతం దగ్గరే మెయిల్ వచ్చేలా ఏదైనా అలర్ట్ పెట్టుకోండి.

రెండో కాపీ ఊరవతల ఉండాలి. మిర్చి కోల్డ్ స్టోరేజీ అంటే అగ్గి భయం మనకు కొత్తేం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు విజయవాడ వాళ్లకు నీళ్ల భయమూ తెలిసొచ్చింది. గుంటూరులో ఒక బ్యాకప్ సర్వర్, విజయవాడ బ్రాంచిలో మేడ మీద గదిలో రెండోది పెట్టి, ఇక్కడి బ్యాకప్‌లు అక్కడికి కాపీ అయ్యేలా సింక్ జాబ్ నడిపిస్తున్నాను. మొదటి కాపీని ఇంటర్నెట్ మీద పంపాలనుకోకండి, 100 ఎంబీపీఎస్ మీద 1 టీబీకి దాదాపు ఒక రోజు. అక్కడికి వెళ్లే మెషీన్‌ని ముందు ఇక్కడే నింపి, కారు వెనక సీట్లో పెట్టి తీసుకెళ్లాం. వీఎంలున్న హోస్ట్‌కి బ్యాకప్ సర్వర్‌లో డేటాస్టోర్ బ్యాకప్ అనే రోల్ ఒక్కటే ఇవ్వండి. దాంతో పాతవి చెరపడం కుదరదు, వైరస్ హోస్ట్‌ దాకా వచ్చినా ఆ పాస్‌వర్డ్‌తో బ్యాకప్‌లను తుడిచేయలేదు. ఎన్‌క్రిప్షన్ ఆన్ చేస్తే తాళం పేపర్ మీద ప్రింట్ తీసుకునే ఆప్షన్ అందులోనే ఉంది. అది పోతే కంపెనీవాళ్లు కూడా తెరవలేరు కాబట్టి, ఒక ప్రింటు ఓనరు గారి బీరువాలో, ఇంకోటి వాళ్ల ఆడిటర్ గారి దగ్గర పెట్టించాను.