నాలుగేళ్లు దాటిన ల్యాప్‌టాప్, దానంతట అదే రీస్టార్ట్ అయ్యే జబ్బు

ఈ ల్యాప్‌టాప్ 2021లో కొన్నది. 15.6 అంగుళాల స్క్రీన్, ఇంటెల్ పదకొండో తరం ఐ5 ప్రాసెసర్ (1135జీ7), బోర్డుకే సోల్డర్ చేసిన 8 జీబీ ర్యామ్, పక్కన ఖాళీ స్లాటు ఒకటి, 512 జీబీ ఎస్ఎస్‌డీ. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ ఏడాది ఆ ధరలో వచ్చిన మోడళ్లలో చాలావాటి లోపలి సరుకు ఇంచుమించు ఇదే కాబట్టి పేరుతో పెద్ద పని కూడా లేదు.

నాది అకౌంట్స్ పని. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వైపు చిన్న దుకాణాల లెక్కలు ఇంట్లో కూర్చుని చూస్తాను. టాలీ, ఎక్సెల్, బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్, అంతే. ఈ మాత్రం పనికి మెషిన్ ఇప్పటికీ చురుగ్గానే ఉంది. కీబోర్డు బంగారం. నంబర్ ప్యాడ్ విడిగా ఉండటం వల్ల వోచర్లు కొట్టేటప్పుడు చూపు తిప్పుకోవాల్సిన పని లేదు. స్క్రీన్ మాత్రం వెలుతురు చాలదు, కిటికీ పక్కన కూర్చుంటే మన మొహమే కనిపిస్తుంది. స్పీకర్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఇవన్నీ కొన్న మొదటి నెలలోనే తెలిసే సంగతులు. ఏళ్లు వాడితే గానీ బయటపడనిది ఇంకొకటుంది. పని మధ్యలో ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడటం, మళ్లీ కంపెనీ లోగోతో మొదలవడం.

నెలవారీ జీఎస్టీ రిటర్ను అయిన జీఎస్‌టీఆర్-3బీ గడువు నెల నెలా 20వ తారీఖు. ఆ ముందు రెండు రోజులు ఈ మెషిన్ ఇలా చేస్తే ఎంత టెన్షనో ఈ పని చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. టాలీలో ఎంట్రీ మధ్యలో కరెంటు తీసేసినట్టు ఆగిపోతే డేటా ఫైలు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. అందుకే రోజూ సాయంత్రం బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీసి పక్కన పెట్టడం అలవాటు చేసుకున్నాను.

బాగు చేయించడానికి వెళ్తే నాకు దొరికిన సలహాలు రెండే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక కుర్రాడు దాన్ని తెరవకుండానే "ఫార్మాట్ కొడితే సెట్ అయితది అక్కా" అన్నాడు. సర్వీస్ సెంటర్‌లో ఇంకాస్త ఖరీదైన మాట చెప్పారు, మదర్‌బోర్డు మార్చాలట. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్తది వస్తుంది. ఈ రెండు మాటలూ అన్నవాళ్లలో ఒక్కరు కూడా ఎప్పుడు ఆగుతోంది, ఎలా ఆగుతోంది అని అడగలేదు. తీరా చూస్తే దీనికి వచ్చింది ఒక జబ్బు కాదు, వేర్వేరు కాలాల్లో వేర్వేరు జబ్బులు. పైకి లక్షణం మాత్రం ఒకటే.

ఇలాంటి ల్యాప్‌టాప్ చేతిలో ఉన్నవాళ్లు అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒక టిక్కు తీసేయడం. విండోస్ సెర్చ్‌లో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ అని కొట్టి, స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగుల్లో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' ఎదురుగా ఉన్న టిక్కు తీసేయండి. ఆ టిక్కు ఉన్నంతకాలం బ్లూ స్క్రీన్ (విండోస్ కుప్పకూలినప్పుడు కోడ్‌తో వచ్చే తెర) వచ్చినా మనం చదివేలోపే మెషిన్ రీస్టార్ట్ అయిపోతుంది. తీసేస్తే స్క్రీన్ అక్కడే నిలబడి కోడ్ చూపిస్తుంది. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఆ స్క్రీన్ నీలం కాదు, నలుపు. ఆ నలుపు మీద అక్షరాలు ఉంటే అది విండోస్ తనంతట తాను ఆగిపోయినట్టు. అక్షరం ముక్క లేకుండా ఆరిపోతే వేడి, కరెంటు, బ్యాటరీ వైపు చూడాలి.

తర్వాత ఈవెంట్ వ్యూయర్, అంటే విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా. అందులో కెర్నల్-పవర్ 41 అనే ఎర్ర గుర్తు కనిపించగానే చాలామంది ఛార్జర్ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. 41 చెప్పేది ఒక్కటే, కిందటిసారి మెషిన్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని. అసలు సంగతి దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ అనే వరసలో ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే విండోస్‌కి కారణం రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని అర్థం. అంకె ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చినట్టు. ఆ అంకె మామూలు లెక్కలో ఉంటుంది, ఇంటర్నెట్‌లో వెతికే కోడ్ హెక్సాలో, అంటే పదహారు ఆధారంగా రాసే లెక్కలో ఉంటుంది. 26 అని ఉంటే అది 0x1ఏ, అంటే మెమరీ మేనేజ్‌మెంట్. విండోస్ కాలిక్యులేటర్‌లో ప్రోగ్రామర్ మోడ్ ఈ పని చేసిపెడుతుంది.

నా మెషిన్ మొదట మొరాయించింది ఎండాకాలంలో. మాది పై పోర్షన్. మే నెలలో హైదరాబాద్‌లో బయట 42 డిగ్రీలుంటే మధ్యాహ్నానికి స్లాబు కింద గది పెనంలా ఉంటుంది. అప్పట్లో పడిన 41లన్నిటిలో బగ్‌చెక్ కోడ్ సున్నానే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టి చూస్తే ప్రాసెసర్ వేడి మాటిమాటికీ 100 డిగ్రీలు తాకుతోంది. ఈ చిప్‌కి ఇంటెల్ పెట్టిన హద్దు అదే. అక్కడికి చేరగానే చిప్ వేగం తగ్గించుకుంటుంది, అయినా వేడి దిగకపోతే తనను తాను కాపాడుకోవడానికి ఒక్కసారిగా ఆఫ్ అవుతుంది. అందుకే రాసుకునే వ్యవధి ఉండదు. ఆగిపోయే ముందు ఫ్యాన్ హోరు, ఎక్సెల్ నత్తనడక ఉంటే వేడే అని చాలావరకు అనుకోవచ్చు.

కింది మూత తీయిస్తే ఫ్యాన్‌కీ రాగి పైపు చివర ఉండే రేకులకీ మధ్య దుమ్ము దూది పొరలా పేరుకుపోయి ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మాత్రం బయటికి పోవడం లేదు. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు ఎండి పెళుసుబారింది. దుమ్ము తీసి కొత్త పేస్టు వేస్తే అయిన ఖర్చు కొన్ని వందల్లోనే. మీరే బ్లోయర్‌తో ఊదుకునేట్టయితే ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని ఊదండి, లేకపోతే అది అతివేగంగా తిరిగి బేరింగ్ పోయే ప్రమాదం ఉంది. మన ఊరి దుమ్ముకి ఏడాదికోసారి ఈ పని తప్పదు. మూత తీయడం ఇంత కష్టంగా చేసినందుకు ఈ మోడల్‌కి నేను మార్కులు కోస్తాను. రెండు స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాచారు.

రెండో జబ్బు వానాకాలం దాటాక మొదలైంది. విండోస్ 11కి మారాక 8 జీబీ చాలడం లేదని ఖాళీ స్లాటులో ఇంకో 8 జీబీ స్టిక్కు వేయించాను. కొన్నాళ్లకి మళ్లీ రీస్టార్ట్‌లు. పాత జబ్బే తిరగబెట్టిందని ఇంట్లో అందరూ తేల్చేశారు. ఈసారి చల్లటి పొద్దుటి పూట, రెండు ట్యాబులు తెరిచి ఉండగా ఆగుతోంది. టిక్కు తీసేసి ఉంది కాబట్టి కోడ్ కనిపించింది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి పేజ్ ఫాల్ట్, మరోసారి ఐఆర్‌క్యూఎల్.

కోడ్ ఇలా రోజుకో రకంగా మారుతుంటే ర్యామ్‌ని అనుమానించాలి. ప్రతిసారీ ఒకే కోడ్, కింద ఒకే .ఎస్‌వైఎస్ ఫైలు పేరు వస్తుంటే డ్రైవర్‌ని, అంటే విండోస్ లోపలి పొరల్లో నడిచే చిన్న ప్రోగ్రామ్‌ని పట్టుకోవాలి. 2024 జులై 19న సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఒక్కరోజులో పడిపోయింది ఈ రెండో రకంలోనే. ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన తప్పుడు అప్‌డేట్‌ని చదవబోయి దాని డ్రైవరే కుప్పకూలింది. హైదరాబాద్ నుంచి విమానమెక్కినవాళ్లకి చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చిన రోజది. అవి పడిపోవడానికి కారణం హార్డ్‌వేర్ లోపం కాదు.

విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నొస్టిక్ నా ర్యామ్ బాగానే ఉందంది. దాని మాట మీద ఆగిపోకండి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి దాంతో బూట్ చేసి, రాత్రి పడుకునేముందు పెట్టాను. ఉచిత వెర్షన్‌లో నాలుగు పాస్‌ల (పూర్తి విడతల) వరకు నడుస్తుంది, 16 జీబీకి గంటల తరబడి పడుతుంది. పొద్దున లేచేసరికి స్క్రీన్ నిండా ఎర్ర వరసలు. కొత్త స్టిక్కు తీసేసి మళ్లీ నడిపితే ఒక్క ఎర్రర్ లేదు. ఈ వరస ముఖ్యం. స్టిక్కు తీసినా ఎర్రర్లు వస్తుంటే పోయింది బోర్డుకి సోల్డర్ చేసిన ర్యామ్, అది సీటీసీలో కౌంటర్ మీద మార్చే పని కాదు. బిల్లు ఉంది కాబట్టి దుకాణంవాళ్లు వారంటీలో స్టిక్కు మార్చిచ్చారు. అప్పటి నుంచి బ్లూ స్క్రీన్ లేదు. మొదటి సలహా విని ఫార్మాట్ కొట్టించి ఉంటే చెడ్డ ర్యామ్ మీదే విండోస్ మళ్లీ ఎక్కేది, ఆ ఇన్‌స్టలేషనే పాడయ్యేది.

ఎస్ఎస్‌డీని క్రిస్టల్‌డిస్క్ఇన్ఫోతో చూశాను, ఆరోగ్యంగానే ఉంది. బయోస్ (మెషిన్ ఆన్ కాగానే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ కూడా చేశాను, తేడా ఏమీ కనబడలేదు. ఆ పని చేసేవాళ్లు ఛార్జర్ పెట్టి ఉంచండి, బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ముందే ఫోన్‌లోనో కాగితం మీదో రాసిపెట్టుకోండి. అప్‌డేట్ తర్వాత కొన్ని మెషిన్లు ఆ 48 అంకెలు అడుగుతాయి, చేతిలో లేకపోతే డేటా మొత్తం తాళంలోనే ఉండిపోతుంది.

ఇక బ్యాటరీ. ఈదురుగాలికి కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో ల్యాప్‌టాప్ ఆరిపోతోందంటే బ్యాటరీ పని అయిపోయినట్టే. నాకు ఈ మధ్యే మార్పించాల్సి వచ్చింది.

మొత్తం మీద ఈ మెషిన్‌కి అయిదుకి మూడున్నర ఇస్తాను. కోత వేడికీ, సోల్డర్ చేసిన ర్యామ్‌కీ. కీబోర్డు లేకపోతే మూడే. ఈ తరం ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చాలా తిరుగుతున్నాయి. కొనేముందు సెర్చ్‌లో రిలయబిలిటీ హిస్టరీ అని కొట్టి ఆ గ్రాఫ్ చూపించమనండి, మెషిన్ ఈ మధ్య పడిన పాట్లన్నీ అందులో ఎర్ర ఇంటూ గుర్తులుగా ఉంటాయి. గ్రాఫ్ ఖాళీగా ఉంటే కొత్తగా ఫార్మాట్ కొట్టి అమ్మకానికి పెట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ తీయండి. బ్యాటరీ అసలు కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఎంత పట్టుకుంటోంది అన్న లెక్క ఆ బ్యాటరీ దగ్గరే ఉంటుంది కాబట్టి ఫార్మాట్ కొట్టినా చెరిగిపోదు. సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.