అప్‌డేట్లు, చెత్త మెయిళ్ళు: ఒక డీటీపీ షాపు సమీక్ష

నరసరావుపేటలో చిన్న డీటీపీ షాపు నాది. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, పాంప్లెట్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. రెండు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, షాపు పేరుతో ఒక జీమెయిల్ అడ్రసు. ఇంత చిన్న సరంజామాలోనూ రోజూ విసిగించేవి రెండున్నాయి: అప్‌డేట్లు, చెత్త మెయిళ్ళు. కరెంటు కోత కూడా ఇంత విసిగించదు, దానికి యూపీఎస్ ఉంది. విండోస్ 10నీ, తర్వాత 11నీ, జీమెయిల్‌నీ ఏళ్ళ తరబడి వాడాక నా లెక్క ఇదీ. కంపెనీ ఇచ్చిన సెట్టింగులను అలాగే వదిలేస్తే ఐదుకు రెండు మార్కులు. ఒక పూట కూర్చుని మనకు తగ్గట్టు మార్చుకుంటే నాలుగు.

ముందు అప్‌డేట్ల సంగతి. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్లు వదులుతుంది. 2003 నుంచీ ఇదే పద్ధతి. అమెరికా పశ్చిమ తీరంలో పొద్దున పదింటికి వదిలితే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అంటే మనం షట్టర్ దించి ఇంటికెళ్ళాక వస్తుంది, బుధవారం షట్టర్ ఎత్తగానే ఎదురవుతుంది. ఈ ముక్క తెలిశాక నాకు సగం చికాకు తగ్గింది. ఆ బుధవారం పొద్దున్నే ప్రూఫ్ ఇస్తానని ఎవరికీ మాటివ్వను.

సెట్టింగుల్లో యాక్టివ్ అవర్స్ అని ఒకటుంది. ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా నాకు పనుంటుంది, మధ్యలో రీస్టార్ట్ చేయొద్దు అని చెప్పుకునే చోటు. ఎక్కువలో ఎక్కువ 18 గంటలు పెట్టుకోవచ్చు. అదే చూసుకుంటుందిలే అని వదిలేయకుండా మనమే టైము వేసుకోవాలి. పెళ్ళిళ్ళ సీజన్లో డీటీపీ షాపు ఎన్నింటికి మూస్తారో షాపువాడికే తెలీదు, కంప్యూటర్‌కేం తెలుస్తుంది? దాని దగ్గర్లోనే పాజ్ ఉంటుంది. ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు. మాఘమాసం, శ్రావణమాసం దగ్గర పడితే పంచాంగంలో ముహూర్తాలు చూసి మరీ పాజ్ పెడతాను. ఇలా చేసేవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుండను. గడువు తీరాక మాత్రం పేరుకుపోయినవన్నీ వేసుకుంటేగానీ మళ్ళీ పాజ్ ఇవ్వదు. అది న్యాయమే.

కొత్తవి రాగానే అందరికంటే ముందు నాకివ్వు అనే బటన్ కూడా ఒకటుంది. షాపు మిషన్లో దాన్ని ముట్టుకోవద్దు. కేబుల్ నెట్ పోయి ఫోన్ హాట్‌స్పాట్ మీద పని నడిపేవాళ్ళు ఆ కనెక్షన్‌ని మీటర్డ్ అని గుర్తు పెట్టుకుంటే పెద్ద అప్‌డేట్లు చాలావరకు వాటంతట అవి దిగవు, డేటా మిగులుతుంది.

ఇంతవరకూ మన చేతిలో ఉన్నదే. ప్రింటర్ల దారి వేరు. మా కలర్ ప్రింటర్ ఏ కంపెనీదో చెప్పను, ఈ విషయంలో అందరూ అందరే అని తోటి షాపులవాళ్ళు అంటారు. వైఫైకి కలిపిన ప్రింటర్ తన లోపలి సాఫ్ట్‌వేర్‌ని తనే అప్‌డేట్ చేసుకుంటుంది. ఒకరోజు పొద్దున పెళ్ళికూతురి మేనమామ శుభలేఖ ప్రూఫ్ కోసం వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ప్రింట్ ఇచ్చాను. ముందురోజు రాత్రి దాకా బంగారంలా పనిచేసిన కాట్రిడ్జ్, అందులో ఇంకా సగం ఇంకు ఉంది. ప్రింటర్ బుల్లి తెర మీద మాత్రం ఇది మా కంపెనీ కాట్రిడ్జ్ కాదు, పనికిరాదు అని ఎర్రగా వచ్చింది. తీసి పెట్టాను, తుడిచి పెట్టాను, ప్లగ్గు పీకి పెట్టాను. అదే మాట. ఆయన కళ్ళజోడు సవరించుకుని తొంగిచూసి, "ఏం తమ్ముడూ, మీ మిషను ఇంకుకి కూడా గోత్రం అడుగుతోందే" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ప్రూఫ్ నలుపు తెలుపులో లేజర్ మీద తీసిచ్చి పంపించాను. పసుపు అంచు ఎలా వస్తుందో చూపించడానికి మళ్ళీ సాయంత్రం రమ్మనాల్సొచ్చింది. పేరుకి అది సెక్యూరిటీ అప్‌డేట్. ఎవరి సెక్యూరిటీయో మరి.

ప్రింటర్ మెనూలో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసే వీలు చాలా మోడళ్ళలో ఉంటుంది, మెనూలో బాగా లోపలికి వెళ్ళాలి. కొన్న రోజే ఆపాలి. ఒకసారి అప్‌డేట్ అయిపోయాక పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళడం మన వల్ల అయ్యే పని కాదు.

ప్రింటర్లతోనే ఇంకో తలనొప్పి. ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, మళ్ళీ పడినప్పుడు అదే ప్రింటర్ లిస్టులో రెండోసారి, వెనకాల కాపీ 1 అని తోక తగిలించుకుని కనిపిస్తుంటుంది. మనం అలవాటుగా పాత పేరుకి ప్రింట్ ఇస్తాం, అది ఆఫ్‌లైన్‌లో ఉంటుంది, పేజీలు క్యూలో పడి ఉంటాయి. కేబుల్ లూజేమో అని బల్ల కింద దూరేముందు ప్రింటర్ల లిస్టు తెరిచి చూడండి. తోక ఉన్నదాన్ని డిఫాల్ట్ చేసి పాతదాన్ని తీసేస్తే సరిపోతుంది. డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్‌నే చూసుకోమనే టిక్కు కూడా అక్కడే ఉంటుంది. అది ఉంటే చివరిసారి దేనికి ప్రింట్ ఇచ్చామో అదే డిఫాల్ట్ అయిపోతుంది. రెండు ప్రింటర్లున్న షాపులో దానివల్ల పాంప్లెట్ వెళ్ళి ఖరీదైన ఫోటో పేపర్ మీద పడుతుంది. తీసేయాలి.

ఇన్ని చెప్పాక, అసలు అప్‌డేట్లే రాకుండా చేసేస్తే పోలేదా అంటారు. చేసిపెట్టే కుర్రాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారు. నేను చేయించను, చేయించమని చెప్పను. 2017 మే 12న వన్నాక్రై వచ్చింది గుర్తుందా, ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బులడిగిన వైరస్. అది దూరిన కంతని పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చేసింది. వేసుకోనివాళ్ళే దెబ్బతిన్నారు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. మా షాపులో ఊళ్ళోవాళ్ళ ఆధార్ కార్డులు, పాస్‌బుక్ కాపీలు స్కాన్ అవుతుంటాయి. కంత తెరిచి కూర్చోవడానికి ఇది నా ఒక్కడి మిషన్ కాదు.

అలాగని వచ్చిన నిమిషంలోనే మింగేయడమూ కుదరదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతా కలిపి 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర పెట్టి కూర్చున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అందుకే నాది మధ్యేమార్గం: రెండో మంగళవారం వచ్చినదాన్ని ఒక వారం పాజ్‌లో ఉంచి, లోకంలో ఎవరూ గగ్గోలు పెట్టకపోతే ఆదివారం మధ్యాహ్నం వేసుకుంటాను.

మా రెండో కంప్యూటర్ కథ ఇంకోరకం. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు కొట్టే అను ఫాంట్స్ ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత దాన్ని చేసిన అడోబీ కంపెనీ ఇన్‌డిజైన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ పట్టుకుంది, తెలుగు డీటీపీవాళ్ళు మాత్రం పేజ్‌మేకర్‌నే పట్టుకున్నారు. ఏళ్ళనాటి శుభలేఖల మ్యాటర్ అంతా యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో అంతటా కనిపించే తెలుగు అక్షరాల పద్ధతి) కాని అక్షరాల్లోనే ఉంది. ఇప్పుడు అందరూ వాట్సాప్‌లో యూనికోడ్ మ్యాటర్ పంపుతారు. దాన్ని కన్వర్టర్‌లో వేసి తేవాలి, తెచ్చాక ఒత్తులు ఒకసారి కళ్ళతో చూసుకోవాలి. ఆ మిషన్ విండోస్ 10 మీద ఉంది, పాత ప్రాసెసర్. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. మాదానికి ఆ యోగం లేదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొందే ఏర్పాటు ఉంది. నేను అంత దూరం వెళ్ళలేదు, దాని నెట్ కేబులే పీకేశాను. పెన్‌డ్రైవ్‌ని కొత్త మిషన్లో స్కాన్ చేశాకే దానికి పెడతాను. షాపులో ఏ టెన్షనూ పెట్టకుండా నడుస్తున్నది అదొక్కటే, అదీ నెట్ లేదు కాబట్టి.

అప్‌డేట్లతో మంచి జరగలేదని అనను. 2019 మే అప్‌డేట్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే వచ్చింది. పనికి కొత్తగా చేరే పిల్లలు అను కీబోర్డు నేర్చుకోవడానికి నెలలు తీసుకునేవాళ్ళు, ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పిస్తున్నారు. పాతకాపులకి నచ్చదనుకోండి.

ఇక మెయిల్. షాపు అడ్రసు బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద, బిల్లు మీద ఉంటుంది. దాచుకునే వీల్లేదు. కాబట్టి చెత్త వస్తుంది. పర్సనల్ లోన్లు, ఫ్లెక్సీ మిషన్లు, విదేశీ లాటరీలు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్ వచ్చిందంటూ లింకులు. ఫోన్‌కైతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ళ డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) ఉంది, 1909కి చెప్పుకోవచ్చు. అది కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకే, మెయిల్‌కి వర్తించదు. మెయిల్ విషయంలో దిక్కు ఆ ఫిల్టరే.

ఫిల్టర్ గురించి చెప్పాలంటే జీమెయిల్‌కి మార్కులు వేయాల్సిందే. 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకి జీమెయిల్ అడ్రసులకి 5000కు పైగా మెయిళ్ళు పంపేవాళ్ళు తామెవరో రుజువు చేసుకోవాలని, ప్రచారం మెయిళ్ళలో ఒక్క నొక్కుతో వదిలించుకునే బటన్ పెట్టాలని, నొక్కితే రెండు రోజుల్లో ఆపాలని రూలు పెట్టారు. తేడా నాకు కనిపించింది. పంపినవాళ్ళ పేరు పక్కన పైనే అన్‌సబ్‌స్క్రైబ్ అని వస్తుంది. మనం ఎప్పుడో బుద్ధిపుట్టి నమోదు చేసుకున్న షాపింగ్ సైట్లకి అది నొక్కితే చాలు. మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే లింకు జోలికి మాత్రం తెలియనివాళ్ళ మెయిల్‌లో వెళ్ళొద్దు. ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని మనమే చెప్పినట్టవుతుంది. అలాంటివాటికి రిపోర్ట్ స్పామ్ ఒక్కటే మందు. బొమ్మలు చూపించేముందు అడగమనే సెట్టింగ్ కూడా పెట్టుకోవచ్చు, కంటికి కనపడని బొమ్మ పెట్టి మనం మెయిల్ తెరిచామా లేదా అని కనిపెట్టేవాళ్ళున్నారు.

లొంగనివాళ్ళూ ఉన్నారు. ఒక అప్పులిచ్చే సంస్థ దగ్గర ప్రింటర్ కోసం ఒకసారి వడ్డీ ఎంతో అడిగాను, అంతే. అన్‌సబ్‌స్క్రైబ్ కొడితే అది ఆగి, అదే సంస్థ ఇంకో పేరుతో మొదలుపెట్టింది. అప్పటి నుంచి కొటేషన్లు అడగడానికి ఇంకో అడ్రసు వాడుతున్నాను. జీమెయిల్‌లో మన పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏదో ఒక మాట చేర్చినా మెయిల్ మనకే వస్తుంది, దాంతో మన అడ్రసు ఎవరు అమ్ముకున్నారో తెలిసిపోతుంది. ఉపాయం బాగుంది కానీ మన దగ్గర చాలా సైట్ల ఫారాలు ప్లస్ గుర్తు చూడగానే ఇది చెల్లని అడ్రసు అంటాయి.

అసలు నష్టం చెత్త రావడం కాదు, మంచిది చెత్తలో పడటం. మా కస్టమర్లు మెయిల్ పంపితే సబ్జెక్టు ఉండదు, లోపల ఒక్క ముక్క ఉండదు, ఫైలొకటే ఉంటుంది. ఏ ఫిల్టరైనా దాన్ని అనుమానిస్తుంది. స్పామ్‌లో పడినవి 30 రోజులకి వాటంతట అవే పోతాయి. అందుకే రోజూ టీ టైములో స్పామ్ ఫోల్డర్ ఒకసారి తిరగేస్తాను. మళ్ళీ మళ్ళీ పంపేవాళ్ళ అడ్రసులకి ఎప్పుడూ స్పామ్‌కి పంపొద్దని ఫిల్టర్ పెట్టాను. ఫైలు పేరు చివర చూసే అలవాటు మాత్రం అందరికీ చెబుతాను. విండోస్ మామూలుగా ఆ చివరి తోకని దాచేస్తుంది, ఫోల్డర్ వ్యూలో టిక్కు పెడితే కనిపిస్తుంది. పీడీఎఫ్ అనిపించే ఫైలు చివర ఈఎక్స్ఈ అని ఉంటే అది కాగితం కాదు, ప్రోగ్రాం; తీసేయడమే. ఇప్పుడు ఫోన్లలో శుభలేఖ పేరుతో ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, పంపే మోసం కూడా నడుస్తోంది. అందుకే శుభలేఖ పీడీఎఫ్ పంపేముందు కస్టమర్‌కి ఫోన్ చేసి, "బాబాయ్, నేనే పంపుతున్నా, తెరవండి" అని చెప్పుకోవాల్సొస్తోంది.

జాగా సంగతి కూడా చెప్పాలి. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫోటోలకి కలిపి. 2021 జూన్ నుంచి ఫోన్లోంచి గూగుల్ ఫోటోస్‌కి బ్యాకప్ అయ్యే ఫోటోలన్నీ ఇందులోనే లెక్క. షాపు అడ్రసుని ఇంట్లో పిల్లల ఫోన్లో లాగిన్ చేసి ఉంచితే షాపు మెయిల్ ఎందుకు నిండిందో వెతుక్కోనక్కర్లేదు. నిండాక కొత్త మెయిల్ దిగదు, కస్టమర్ ఫైలు వెనక్కి పోతుంది.

చివరగా, షాపుకి కొత్తగా మెయిల్ తెరిచేవాళ్ళు అడ్రసులో ఊరి పేరు కలపండి. లక్ష్మి, సాయి, బాలాజీ పేర్లతో గ్రాఫిక్స్ షాపు లేని ఊరుండదు, ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. జీమెయిల్‌లో మధ్యన చుక్క పెట్టినా పెట్టకపోయినా ఒకటే అడ్రసు. దాంతో వేరే జిల్లా షాపుకి వెళ్ళాల్సిన ఫ్లెక్సీ ఫోటోలు, కర్మకార్డు మ్యాటర్లు నాకొస్తుంటాయి. కర్మకార్డుకి తేదీ దాటితే విలువ లేదు కాబట్టి, అవి కనపడగానే మీరు అనుకున్న షాపు ఇది కాదండీ అని ముందు జవాబు పెట్టి, తర్వాతే నా పని చూసుకుంటాను.