సబ్సిడీనా, గడువా, పార్కింగ్‌లో ఛార్జింగ్ పాయింటా: ఎలక్ట్రిక్ కార్లకు ఏది మేలు?

జనం ఎలక్ట్రిక్ కార్లకు మారాలంటే ప్రభుత్వం ఏం చేయాలి? సబ్సిడీ ఇవ్వాలా, పెట్రోల్ కార్లకు గడువు పెట్టాలా? ఈమధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఆరు నెలల కిందట అన్నీ చూసుకుని, కారు కూడా ఎంచుకుని, ఆఖరి నిమిషంలో ఆగిపోయాను. ధర వల్ల కాదు, రేంజ్ (ఒకసారి ఛార్జ్ చేస్తే నడిచే దూరం) వల్లా కాదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్ పెట్టుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకోలేదు.

సబ్సిడీకి ఉన్న బలం తెలిసిందే. కొనేటప్పుడు జేబు మీద పడే భారం తగ్గుతుంది, అమ్మకాలు వెంటనే పెరుగుతాయి. కానీ అది బడ్జెట్‌లో ఒక పద్దు. ఎప్పుడైనా కొట్టేయవచ్చు. జర్మనీలో 2023 నవంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో ప్రభుత్వ ఖజానాకు గండి పడింది. డిసెంబర్‌లో ఒక శనివారం ప్రకటించి, ఆదివారంతో సబ్సిడీ దరఖాస్తులు ఆపేశారు. ఆ ఏడాది అక్కడ 5.24 లక్షల ఎలక్ట్రిక్ కార్లు రిజిస్టర్ అయితే, 2024లో 3.8 లక్షలే అయ్యాయి. అమెరికాలో 2022 చట్టం 7,500 డాలర్ల పన్ను రాయితీని 2032 దాకా ఇస్తామంది. ప్రభుత్వం మారింది, 2025 సెప్టెంబర్ 30తో అదీ పోయింది. చైనా 2022 చివర్లో కేంద్ర సబ్సిడీ ఆపేసినా అమ్మకాలు పెరుగుతూనే వచ్చాయి. అప్పటికే అక్కడ బ్యాటరీలు చవకయ్యాయి, కంపెనీలు నిలదొక్కుకున్నాయి. అంత ఓపికగా ఒకే దారిలో నడిచిన ప్రభుత్వాలు తక్కువ.

గడువుల సంగతి ఇంకా విచిత్రం. కొత్త పెట్రోల్ కార్ల అమ్మకం ఆపడానికి బ్రిటన్ 2030 అంది, 2023లో 2035కి జరిపింది, ప్రభుత్వం మారాక మళ్లీ 2030కి వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2035 గడువును 2023లో చట్టం చేసింది. 2025 డిసెంబర్‌లో యూరోపియన్ కమిషనే దాన్ని సడలించాలని ప్రతిపాదించింది. గడువు అసలు ఉద్దేశం కంపెనీలను కదిలించడం. కొత్త ఫ్యాక్టరీకి డబ్బు పెట్టేవాడికి తేదీ కావాలి, ఆ తేదీ కదలకూడదు. రెండేళ్లకోసారి జరిగే గడువును నమ్మి ఎవరు పెట్టుబడి పెడతారు?

పెట్రోల్ కార్ల మీద పన్ను వేసి ఎలక్ట్రిక్‌కు మినహాయింపు ఇవ్వడం సబ్సిడీ, గడువుల కన్నా గట్టిది. నార్వే 1990లోనే కొనుగోలు పన్ను తీసేసింది, 2001లో వ్యాట్ తీసేసింది. 2025లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 96 శాతం ఎలక్ట్రిక్‌వే. పెట్రోల్ కార్లను నిషేధించనే లేదు. కానీ న్యూజిలాండ్‌లో ఇలాంటిదే పెడితే, పొలం పనులకు వాడే యూట్ బండ్ల మీద పన్ను పడిందని రైతులు రోడ్డెక్కారు. ఎన్నికల్లో ప్రభుత్వం ఓడింది, 2023 ఆఖరుతో పథకం ముగిసింది. నార్వేను ఉదాహరణగా చూపేటప్పుడు ఇంకోటి కూడా చెప్పాలి. అక్కడ ఎక్కువమందికి సొంత ఇల్లు, ఇంటి ముందు కారు పెట్టుకునే చోటు ఉన్నాయి. రాత్రి ప్లగ్ ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ వాళ్లలో చాలామందికి లేదు.

నా దృష్టిలో అసలు తేల్చేది ఆ రాత్రి ప్లగ్గే. 3.3 కిలోవాట్ల మామూలు పాయింట్ చాలు. ఎనిమిది గంటల్లో దాదాపు 26 యూనిట్లు ఎక్కుతాయి, సగటు కారు 150 కిలోమీటర్లు తిరుగుతుంది. రోజూ అంత తిరిగేవాళ్లు ఎందరు? ఈ సౌకర్యం ఉన్నవాడికి రేంజ్ భయం వారంలోనే పోతుంది. లేనివాడు ఫాస్ట్ ఛార్జర్ దగ్గర వరుసలో నిలబడి, యూనిట్‌కు ఎక్కువ కట్టాలి. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి ఇంటి కరెంటుపై వ్యాట్ 5 శాతం, పబ్లిక్ ఛార్జింగ్‌పై 20 శాతం. సొంత గ్యారేజీ ఉన్నవాడికి సబ్సిడీ, పైగా చవక కరెంటు. అద్దె ఫ్లాట్‌లో ఉన్నవాడికి రెండూ దూరమే. ఈ అన్యాయం నన్ను నిజంగా బాధపెడుతుంది.

మా మీటింగ్‌లో వచ్చిన అభ్యంతరాలు మూడు. మంటలు, లోడు, కామన్ ఏరియా. మంటల భయాన్ని కొట్టిపారేయను. పెట్రోల్ కార్లే ఎక్కువగా తగలబడతాయి, కానీ బ్యాటరీ మంట ఆర్పడం కష్టం. అందుకే సరైన వైరింగ్, విడి బ్రేకర్ ఉన్న పాయింట్ కావాలి. కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీసుకోవడమే అసలు ప్రమాదం. లోడు గురించి అడిగింది సబబే. పది కార్లు ఒకేసారి పెడితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. ఉన్న లోడును కార్ల మధ్య పంచి, అర్ధరాత్రి తర్వాత నింపే పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఇక కామన్ ఏరియా సంగతి. మీటర్ బోర్డు నుంచి నా స్లాట్‌కు నలభై మీటర్ల కేబుల్ గోడ పక్కనుంచి పోవాలి. ఖర్చంతా నాదేనన్నాను. "ఒకరికిస్తే అందరూ అడుగుతారు" అన్నారు.

జర్మనీ 2020 డిసెంబర్ నుంచి ఈ మాటకు తావు లేకుండా చేసింది. ఫ్లాట్ యజమాని సొంత ఖర్చుతో పాయింట్ అడిగితే, ఎలా పెట్టాలో అసోసియేషన్ చెప్పవచ్చు, వద్దనడానికి వీల్లేదు. అద్దెకున్నవారికీ ఇలాంటి హక్కే ఇచ్చారు. ఇంగ్లండ్‌లో 2022 జూన్ నుంచి పార్కింగ్ ఉన్న కొత్త ఇళ్లకు ఛార్జింగ్ పాయింట్ తప్పనిసరి. ఇలాంటి చట్టాలకు ఖజానా నుంచి పోయేది తక్కువ. పైగా ఒకసారి గోడ వెంట పడిన కేబుల్‌ను తర్వాత వచ్చిన ప్రభుత్వం పీకెయ్యదు.

బస్ లేన్‌లో వెళ్లనివ్వడం, పార్కింగ్ ఫ్రీ చేయడం లాంటివి తొలిరోజుల్లో పనికొస్తాయి, కార్లు పెరిగాక నడవవు.

వచ్చే మీటింగ్‌కు మళ్లీ అర్జీ పెడుతున్నాను. ఈసారి నా ఒక్క స్లాట్‌కు కాదు. సెల్లార్ మొత్తానికి ఒకే కేబుల్ ట్రే, ఎవరి పాయింట్‌కు వాళ్ల మీటర్ ఉండేలా ఎలక్ట్రీషియన్‌తో గీయించిన ప్లాన్ జత చేశాను. అద్దెకున్న ఇద్దరు కూడా సంతకం పెట్టారు.