ఎకరానికా, ఇంటికా? రైతు భరోసా, పీఎం కిసాన్

తెలంగాణలో పట్టా ఉన్న రైతుకు రెండు వైపుల నుంచీ డబ్బు వస్తుంది. పీఎం కిసాన్ కింద కేంద్రం ఇంటికి ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తుంది, 2,000 చొప్పున మూడు విడతల్లో. రాష్ట్రానిది ఎకరాల లెక్క. 2018లో రైతుబంధు పేరుతో సీజన్‌కు (ఏడాదికి రెండు సీజన్లు) ఎకరానికి 4,000 అని చెక్కులిచ్చారు. తర్వాత అది 5,000 అయింది, 2025 జనవరిలో రైతు భరోసాగా మారి 6,000కి చేరింది.

లెక్క వేసి చూడండి. ఇరవై గుంటలు, అంటే అరెకరం ఉన్న రైతుకు ఏ పథకమైనా ఏడాదికి ఆరు వేలే. పదెకరాలుంటే మాత్రం పీఎం కిసాన్‌లో అదే 6,000, రైతు భరోసాలో 1,20,000! భూమి ఉన్నవాళ్లకే ఇంకా పెడుతున్నారన్న మాట ఊరికే రాలేదు.

పీఎం కిసాన్‌లో వడపోత ఎక్కువ. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు రాదు. పైగా ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో మనం మనమేనని రుజువు చేసుకోవడం. కలుపు తీసీ తీసీ వేళ్లు అరిగిన ముసలమ్మ బొటనవేలు మిషన్ మీద ఒక పట్టాన పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టాలి, అదో టెన్షన్.

నాకైతే నాట్ల ముందు అక్కరకొచ్చేది రాష్ట్రం డబ్బే, అదీ టైముకు పడితే.

ఇక కౌలుకు చేసేవాళ్లంటారా, రెండు పథకాలూ చూసేది భూమి రికార్డునే. దున్నేది ఎవరైనా డబ్బు పడేది పట్టాదారు ఖాతాలోనే.