హార్డీ పర్ఫెక్టా, అంబాసడర్ 5000నా?

పాత ఫిషింగ్ రీళ్లు (గాలం కర్రకు బిగించి దారం చుట్టే చక్రాలు) సేకరించాలనుకునేవాళ్లు మొదట దేన్ని కొనాలి? ఇంగ్లండ్‌లోని అల్నిక్‌లో హార్డీ సోదరులు చేసిన పర్ఫెక్టా, స్వీడన్‌కు చెందిన ఆబూ కంపెనీ అంబాసడర్ 5000నా?

పర్ఫెక్ట్ 1891లో వచ్చింది. బాల్ బేరింగుల మీద తిరిగే ఫ్లై రీల్, అంటే పురుగులా కనిపించే తేలికపాటి కృత్రిమ ఎరతో చేపలు పట్టడానికి వాడేది. దాని మీద తయారీ సంవత్సరం ఉండదు. విప్పి, లోపల కిర్రుమని చప్పుడు చేసే 'చెక్' అమరికను చూడాలి. అది 1896 రకమా, 1906దా, 1912దా, 1917దా అన్నదాన్ని బట్టి వయసు అంచనా వేస్తారు. వెనక ప్లేటు మీద ముదురు రంగు పూత అక్కడక్కడా అరిగి, లోహం బయటపడినా ఫర్వాలేదు, దాన్ని మాత్రం తోమకండి. తళతళలాడేలా పాలిష్ పట్టిన పాత రీల్ కనిపిస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పూతతోపాటే విలువా పోతుంది మరి.

ఎర్రటి అంబాసడర్ 1950ల నాటిది. గడియారాలు, టాక్సీ మీటర్లు చేసిన కంపెనీ కదా, లోపలి పనితనం అంత నాజూగ్గా ఉంటుంది. 1970ల మధ్య నుంచి వచ్చినవాటికి రాడ్‌కు బిగించే పాదం మీద నంబరే సంవత్సరం, నెల చెప్పేస్తుంది. విడిభాగాలకూ పెద్దగా వెతుకులాట ఉండదు.

కొత్తవాళ్లకు అంబాసడరే సులువు. నా మనసు మాత్రం పర్ఫెక్ట్ మీదే, ఆ చెక్ చప్పుడు కోసం.